కర్త: అజ్ఞాతం

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఒక అబద్ధం ఉంది. 214వ పేజీలో, అనుబంధంలో, ఒక పాట కింద రెండే రెండు మాటల్లో ఉంది. గైడ్ పట్టుకోలేదు. వైవాలో ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ నాకూ కనపడలేదు. చివరికి అది నాకు దొరికింది మిసిసిపి రాష్ట్రంలో, స్టేషన్ కూలిపోయి పట్టాలు మాత్రం మిగిలిన ఒక చిన్న ఊళ్ళో.

అమెరికా ప్రయాణం గురించి రాయమని చాలామంది అడిగారు. నాలుగు ఫొటోలు పెట్టి ఊరుకున్నాను. రాయడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. పొడుగు పోస్టు. ఓపిక చేసుకోండి.

ఒక సదస్సులో పేపరు చదవడానికి పిలిస్తే వెళ్ళాను. అదయ్యాక మెంఫిస్‌లో ఉన్న నా స్నేహితురాలి ఇంటికి చేరాను. మేమిద్దరం సాంఘిక సంక్షేమ గురుకులంలో ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని పడుకున్నవాళ్ళం. ఆమె ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. నాలుగు రోజులు సెలవు పెట్టి, కారు తాళాలు ఊపుతూ "ఎక్కడికి పోదామే?" అంది. మెంఫిస్ అనగానే అందరూ ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు చూడమంటారు. నేను మాత్రం "రైలూ పాటా రెండూ ఉన్నచోటికి తీసుకుపో" అన్నాను.

ఎందుకంటే మా తాత గ్యాంగ్‌మన్. తెనాలి, రేపల్లె లైన్లో పనిచేశాడు. రైలంటే చాలామందికి కిటికీ పక్క సీటు. మా ఇంట్లో రైలంటే కంకర, గునపం, సమ్మెట, ఎండలో కాలే పట్టా. తాత కాళ్ళ మీద కంకర గాట్లు లెక్కపెట్టుకుంటూ పెరిగాను. పట్టాను పక్కకు జరపాలంటే ఎనిమిది మంది గునపాలు దూర్చి, ఒకడు పాట అందుకుంటే ఆ మాట మీద ఒక్కసారిగా నెడతారు. మన దగ్గర ఐలేసా అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పట్టాలు వేసిన నల్లవాళ్ళూ అచ్చంగా ఇలాగే చేశారు. వాళ్ళలోనూ పాట అందుకునే మనిషి వేరే ఉండేవాడు. గొంతు బాగుంటే చాలదు, పదిమంది బలం ఎప్పుడు ఒక్కచోటికి వస్తుందో కనిపెట్టగలగాలి. ఆ పాటలు మొదటిసారి వీడియోలో విన్నప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఊపు ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోయింది.

ముందు మెంఫిస్ సెంట్రల్ స్టేషన్ చూశాం. 1914లో కట్టింది. ఇప్పుడు అందులో హోటలు నడుస్తోంది, చికాగో నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్ళే బండి ఇంకా ఆగుతోంది. దక్షిణాదిన పత్తి చేలల్లో నలిగిన లక్షలాది నల్లవాళ్ళు ఉత్తరాదికి తరలిపోయిన దారుల్లో ఈ లైను ముఖ్యమైనది. ఆ రోజుల్లో దూరప్రయాణపు బండ్లలో పుల్మన్ కంపెనీ పడక బోగీలు ఉండేవి. వాటిలో పక్కలు వేసి, బూట్లు తుడిచి, సామాన్లు మోసే పోర్టర్లు నల్లవాళ్ళు. వాళ్ళకో విచిత్రమైన పేరుండేది. ఎవరిని పిలిచినా "జార్జ్" అనే పిలిచేవాళ్ళు. కంపెనీ యజమాని జార్జ్ పుల్మన్ కాబట్టి ఆయన మనుషులంతా జార్జులే. బానిసను యజమాని పేరుతో పిలిచిన అలవాటు, బానిసత్వం పోయినా రైలెక్కి వచ్చింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, 1914లో జార్జ్ అనే పేరున్న ఒక తెల్ల పెద్దమనిషి, పోర్టర్లను జార్జ్ అని పిలవకూడదని ఒక సంఘం పెట్టాడు. పోర్టర్ల మీద జాలితో కాదు. తన పేరు పాడైపోతోందని సరదాకి!

నవ్వొచ్చింది. వెంటనే మా పేటలో ముసలివాళ్ళ పేర్లు గుర్తొచ్చాయి. ఊళ్ళో ఆసామి నోట్లో పడితే ప్రతి పేరుకూ చివర "గాడు" తగిలేది. అరవై ఏళ్ళ మా తాతను ఇరవై ఏళ్ళ కుర్రాడు ఏరా అనేవాడు. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు కొట్లాడి 1937లో కంపెనీతో ఒప్పందం రాయించుకున్నారు. కూలి పెంచమన్నారు, పనిగంటలు తగ్గించమన్నారు. వాటి అడుగున ఇంకో మాట ఉంది: నన్ను నా పేరుతో పిలువు.

పేరు గురించిన ఈ ఆలోచన అక్కణ్ణుంచి కారులో మా వెంటే వచ్చింది.

అదే రోజు కారు ఎదురు దిక్కుకు తిప్పి, టెనెసీలోనే ఉన్న జాక్సన్ వెళ్ళాం. అక్కడ కేసీ జోన్స్ ఇల్లు, రైల్వే మ్యూజియం ఉన్నాయి. అమెరికాలో రైలు పాట అనగానే వినిపించే పేరు కేసీ జోన్స్. ఇల్లినాయ్ సెంట్రల్ కంపెనీలో ఇంజన్ డ్రైవర్. 1900 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, మెంఫిస్‌లో గంటన్నర ఆలస్యంగా బయల్దేరిన బండిని వేళకు చేర్చాలని కాంటన్ వైపు దూసుకుపోతున్నాడు. వాన్ అనే ఊరి దగ్గర ముందొక గూడ్సు బండి పక్క లైన్లో పూర్తిగా ఇమడక, చివరి పెట్టెలు మెయిన్ లైను మీదే ఉండిపోయాయి. అది కనపడగానే ఫైర్‌మన్‌ను దూకెయ్యమని అరిచి, తాను బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. ఆ ప్రమాదంలో చనిపోయింది ఆయనొక్కడే. కంపెనీ విచారణ తప్పు ఆయనదే అని తేల్చింది. జనం మాత్రం ఆయన్ను వీరుడిగా నిలబెట్టుకున్నారు. 1950లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

ఆయన వీరత్వం గురించి నాకు తగాదా లేదు. నిజంగానే గొప్పవాడు. నా ప్రశ్న ఆయన్ను వీరుణ్ణి చేసింది ఎవరని.

ఆ రాత్రి దూకి బతికిన ఫైర్‌మన్ పేరు సిమ్ వెబ్. నల్లవాడు. 1957 దాకా బతికాడు. కాంటన్ లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పని చేసే వాలెస్ సాండర్స్ అని ఇంకో నల్లమనిషి ఉండేవాడు. ఇంజన్ తుడవడమంటే మసి, నూనె, బొగ్గు, వేడి. డ్రైవర్ దిగాక మొదలై, డ్రైవర్ ఎక్కేలోపు ముగిసిపోయే పని. కేసీ జోన్స్ అంటే ఆయనకు ఇష్టం. ఆ ఇష్టంతో, ఆ దుఃఖంతో ఒక పాట కట్టుకుని పనిచేస్తూ పాడుకున్నాడు. షెడ్డు నుంచి షెడ్డుకు, బండి నుంచి బండికి ఆ పాట ఎక్కి పోయింది. 1909లో అది అచ్చయింది. దేశమంతా పాడింది. ఆ కాగితం మీద కర్తలుగా ఉన్న పేర్లు సీబర్ట్, న్యూటన్. ఇద్దరూ వినోద ప్రదర్శనలిచ్చే తెల్ల కళాకారులు. వాలెస్ సాండర్స్‌కు దమ్మిడీ రాలేదు.

డ్రైవర్‌కు మ్యూజియం. అచ్చు వేయించినవాళ్ళకు హక్కులు. మసి తుడిచినవాడికి? పాత కథల్లో ఒక వాక్యం.

ఇదేదో పాతకాలపు అన్యాయం అనుకుందామా? మెంఫిస్‌లోనే సన్ స్టూడియో ఉంది. ఎల్విస్ 1954లో తన మొదటి రికార్డు ఇక్కడే చేశాడు. ఆ పాట ఆర్థర్ క్రూడప్ అనే మిసిసిపి నల్ల గాయకుడిది. ఆయన దాన్ని 1946లోనే రికార్డు చేశాడు. రావలసిన డబ్బు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడి, చేలల్లో కూలి చేసుకుంటూ బతికి, 1974లో పోయాడు. ఆయన పేరైతే ఉంది. పేరుంటే సరిపోదని కూడా ఈ కథ చెబుతోంది. ఇక పేరే లేనివాళ్ళ మాటేమిటి?

మర్నాడు మిసిసిపిలోకి దిగాం. డెల్టా అంటారు ఆ ప్రాంతాన్ని. మా కృష్ణా డెల్టా లాగే బల్లపరుపుగా, కనుచూపు మేర పైరే. మనకు వరి, వాళ్ళకు పత్తి. క్లార్క్స్‌డేల్ చేరగానే 61, 49 నంబరు రోడ్లు కలిసేచోట నీలం గిటార్లతో ఒక గుర్తు పెట్టి ఉంది. అందరూ అక్కడ ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం. రాబర్ట్ జాన్సన్ అనే కుర్రాడు నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి దెయ్యానికి ఆత్మను అమ్ముకుని గిటారు విద్య సంపాదించాడట. ఆ కథకు ఈ కూడలి ఆనవాలు.

నాకు ఈ కథ నచ్చదు. రాబర్ట్ జాన్సన్‌కు ఒక గురువున్నాడు. ఐక్ జిమర్‌మన్ అనే గిటారిస్టు. ఆయన దగ్గర నేర్చుకున్నాడు, సాధన చేశాడు, 1938లో ఇరవై ఏడేళ్ళకే చనిపోయాడు. తెల్లవాడు బాగా వాయిస్తే సాధన, నల్లవాడు బాగా వాయిస్తే దెయ్యం! మనకూ ఈ లెక్క తెలుసు. పెద్ద కులాల పిల్ల పాడితే "ఎన్నేళ్ళ శిక్షణో" అంటారు. మా పేట పిల్లాడు డప్పు మీద ముప్పై దరువులు పలికిస్తే "వాళ్ళకు పుట్టుకతోనే వస్తుందండీ" అంటారు. వినడానికి పొగడ్తే. కాని వాడి వేళ్ళు పగిలిన సంవత్సరాలన్నీ ఆ మాటతో కొట్టుకుపోతాయి.

క్లార్క్స్‌డేల్‌లో డెల్టా బ్లూస్ మ్యూజియం ఉన్నది పాత రైల్వే గూడ్సు షెడ్డులో. 1918లో కట్టిన షెడ్డు. పత్తి బేళ్ళు ఎక్కించిన చోట ఇప్పుడు పాటలు దాచారు. స్టోవల్ తోటలో మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క ఇంటి అవశేషం కూడా లోపలే ఉంది. ఆయన ఆ తోటలో ట్రాక్టర్ తోలేవాడు. 1941 ఆగస్టులో ఇద్దరు మనుషులు రికార్డింగ్ యంత్రం తీసుకుని ఆయన ఇంటికి వచ్చారు. రెండేళ్ళ తర్వాత, 1943లో, ఆయన క్లార్క్స్‌డేల్‌లో రైలెక్కి చికాగో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రపంచ సంగీతం ఎలా మారిందో నేను చెప్పక్కర్లేదు.

ఆ వచ్చిన ఇద్దరిలో ఒకరు అలన్ లోమాక్స్. ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున వచ్చిన తెల్ల పరిశోధకుడు. జానపద సంగీతం చదివినవాళ్ళందరికీ తెలిసిన పేరు. రెండో మనిషి జాన్ వర్క్. నల్లవాళ్ళ విశ్వవిద్యాలయమైన ఫిస్క్‌లో ఆచార్యుడు, సంగీతకారుడు. పాటలకు స్వరలిపి రాసినవాడు. ఆయనా, ఫిస్క్‌లోని ఇంకో ఇద్దరు నల్ల పరిశోధకులూ ఆ ప్రాంతం మీద రాసిన రాతప్రతులు ఎక్కడో పడిపోయాయి. అరవై ఏళ్ళకు పైగా గడిచాక, 2005లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి జాన్ వర్క్ లేడు. లోమాక్స్ తన డెల్టా అనుభవాల పుస్తకం 1993లో వేశాడు. దానికి పెద్ద బహుమతి వచ్చింది. అందులో వర్క్‌కు దక్కిన చోటు బహు స్వల్పం.

ఆ షెడ్డులో నిలబడి నేను గట్టిగానే మాట్లాడాను. "చూశావా, పరిశోధకుల్లో కూడా మనవాళ్ళ పేరే మాయమవుతుంది" అని నా స్నేహితురాలికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విని, "సరేలేవే. మరి నీ పరిశోధనలో పాడినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయా?" అంది. ఎగతాళికి కాదు, మామూలుగా అడిగింది. ఉన్నాయి అన్నాను. ఉన్నాయనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి టట్‌వైలర్ చేరాం. క్లార్క్స్‌డేల్‌కు దగ్గర్లోనే చిన్న ఊరు. పాత స్టేషన్ భవనం లేదు. పట్టాల పక్కన ఒక ఫలకం, గోడల మీద బొమ్మలు ఉన్నాయి. బ్లూస్ చరిత్ర చెప్పేవాళ్ళు ఈ ఊరిని దాటి పోలేరు. డబ్ల్యు.సి. హ్యాండీ అనే నల్ల సంగీతకారుడు ఆ రోజుల్లో క్లార్క్స్‌డేల్‌లో ఒక బ్యాండు నడిపేవాడు. 1903 ప్రాంతంలో ఒక రాత్రి ఇక్కడ రైలు కోసం ఎదురుచూస్తూ కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి పక్కన ఒక సన్నని నల్లమనిషి, చిరుగు బట్టలతో, చిరిగిన బూట్లలోంచి వేళ్ళు కనపడుతూ, గిటారు తీగల మీద చాకు ఆనించి వాయిస్తున్నాడు. రెండు రైల్వే లైన్లు ఒకదాన్నొకటి కోసుకునే చోటికి వెళ్తున్నానని పాడుతున్నాడు. ఆ చోటు ఇప్పటికీ ఉంది. మూర్‌హెడ్ అనే ఊళ్ళో. అంత వింత సంగీతం తానెప్పుడూ వినలేదని హ్యాండీ తర్వాత రాసుకున్నాడు. ఆ బాణీలను స్వరాల్లోకి ఎక్కించి, 1912లో మెంఫిస్ బ్లూస్, 1914లో సెయింట్ లూయిస్ బ్లూస్ అచ్చు వేశాడు. 1941లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు "ఫాదర్ ఆఫ్ ది బ్లూస్".

ఆ చాకు మనిషికి మాత్రం పేరు లేదు.

హ్యాండీ దొంగ కాదు. ఆయనా నల్లవాడే. మెంఫిస్ బ్లూస్ హక్కులు ఆయన చేతిలోంచే కారుచౌకగా జారిపోయాయి. ఆ దెబ్బ తిన్నాకే సొంతంగా ప్రచురణ సంస్థ నిలబెట్టుకున్నాడు. మన జాతిలోంచి చదువుకుని పైకొచ్చిన మనిషి, పాట విలువ తెలిసిన మనిషి. పక్కన కూర్చున్నవాణ్ణి "అన్నా, నీ పేరేంటి" అని అడిగాడో లేదో, ఆయన పుస్తకంలో మాత్రం ఆ పేరు లేదు.

ఫలకం చదువుతుంటే నాకు కోపం రావాలి. రాలేదు. కడుపులో ఏదో దేవినట్టయింది. 214వ పేజీ కళ్ళముందుకొచ్చింది.

2012లో నేను పాటలు సేకరిస్తున్నప్పుడు మా నాయనమ్మ దగ్గర కూడా కూర్చున్నాను. వేపచెట్టు కింద నులక మంచం, నా చేతిలో చిన్న రికార్డరు. ఆమె ఒక రైలు పాట పాడింది. చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ పాడిన పాటే. పట్టాల మీద పనిచేసే మొగుడి కోసం ఒక ఆడమనిషి రైలుతో మాట్లాడుతుంది. తొందరపడకు, నెమ్మదిగా పో, మలుపు తిరిగేటప్పుడు కూత వెయ్యి, అక్కడ వంగి పనిచేస్తున్నవాడికి చెవి కొంచెం మందం అని రైలును బతిమాలుకుంటుంది. కేసీ జోన్స్ పాట డ్రైవర్ గురించి. మా నాయనమ్మ పాట డ్రైవర్‌తో. వేళకు చేరాలన్న పంతం అక్కడ వీరగాథ. ఆ వేగం కింద పడేవాడి పెళ్ళానికి అది వణుకు.

ఆ పాటను నేను ఎలా నమోదు చేశానో చెబుతాను. పాట రకం: శ్రామిక గేయం. పాడినవారు: 70 ఏళ్ళ దళిత మహిళ. కర్త: అజ్ఞాతం. సేకరణ: పరిశోధకురాలు.

నన్ను పెంచిన మనిషి నా థీసిస్‌లో ఒక వయసు, ఒక కులం. అట్ట మీద బంగారు అక్షరాల్లో నా పేరు.

టట్‌వైలర్‌లో ఆ పట్టాల పక్కనే నిలబడి మా మేనత్తకు ఫోన్ చేశాను. మన దగ్గర రాత్రి ఏడున్నర.

"అత్తా, నాయనమ్మ రైలు పాట పాడేది చూడు, అదెవరి పాట?"

"ఎవరి పాటేందే? మీ నాయనమ్మదే."

"పాడేదని నాకూ తెలుసు. కట్టిందెవరు అని."

"అదేగా చెప్తన్నా. ఆమే కట్టుకుంది. దివిసీమ ఉప్పెనప్పుడు లైను కొట్టుకుపోయిందని మీ తాతని తీసుకుపోయారు. పద్నాలుగు రోజులు మనిషి జాడ లేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రాత్రిళ్ళు గుమ్మంలో కూర్చుని ఒక్కో ముక్కా అల్లుకునేది. పొద్దున మాకు పాడి వినిపిచ్చేది, బాగుందా అని."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

అంతే. ఫోన్లో ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. నా స్నేహితురాలు వచ్చి పక్కన నిలబడింది. ఏమీ అడగలేదు. నాయనమ్మ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

టట్‌వైలర్‌కు ఇంకో చరిత్ర కూడా ఉంది. చికాగో నుంచి రైల్లో మిసిసిపి చుట్టాలింటికి వచ్చిన ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లపిల్లాణ్ణి 1955 ఆగస్టులో తెల్లవాళ్ళు చంపి టల్లహాచీ నదిలో పడేశారు. దొరికిన శవాన్ని ఈ ఊళ్ళోనే సిద్ధం చేసి రైల్లో చికాగో పంపారు. తల్లి మేమీ టిల్ పెట్టె మూత వేయనివ్వలేదు. నా బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలంది. నేను చుండూరుకు కూతవేటు దూరంలో పెరిగినదాన్ని. 1991 ఆగస్టులో మావాళ్ళను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్ళను సమాధి చేసుకున్న చోటుకు రక్తక్షేత్రం అని మనమే పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టడం, మూత తెరిచి ఉంచడం, రెండూ ఒకే పని. జరిగింది జరగలేదని అనకుండా చూసుకోవడం.

ఇక్కడ నా తోటి లెక్చరర్లు ఒక మాట అంటారు. నేనూ క్లాసులో అదే చెప్పాను. జానపదానికి కర్త ఉండడు, అది సమష్టి సృష్టి, నోటి నుంచి నోటికి మారుతూ పోతుంది, దానికి ఒక పేరు తగిలించడం అచ్చు యంత్రం వచ్చాక పుట్టిన అలవాటు అని. ఇందులో నిజం ఉంది. వాలెస్ సాండర్స్ కూడా తనకు ముందున్న బాణీల మీదే పాట కట్టి ఉంటాడు. మా నాయనమ్మ పాటలో నాట్ల పాటల వరసలు ఉన్నాయి.

కాని ఒక్కటి అడుగుతాను. సమష్టి సృష్టి అన్న సూత్రం పేదవాడి దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? పాట చేలో ఉన్నంతకాలం సమష్టిది. అచ్చు కాగితం ఎక్కగానే, రికార్డు ఎక్కగానే, సినిమా ఎక్కగానే అది ఒక మనిషిది అవుతుంది. ఆ మనిషి ఎప్పుడూ చివర్లో వచ్చినవాడే అవుతాడు.

మన సాహిత్యం సంగతే చూడండి. కావ్యంలో ఆశ్వాసం ముగిసినప్పుడల్లా ఒక గద్య ఉంటుంది. కవి తండ్రి పేరు, గోత్రం, బిరుదులు, మళ్ళీ మళ్ళీ వస్తాయి. వెయ్యేళ్ళ తర్వాత కూడా ఎవరూ చెరపలేనంత గట్టిగా రాసుకున్నారు. శతకానికి మకుటం, పదానికి ముద్ర. సంతకం చేసుకోవడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఎవరికి సంతకం చేసే వీలుంది, ఎవరికి లేదు అన్నదే తేడా. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం లాంటి పెద్దలు ఊరూరా తిరిగి పాటలు సేకరించకపోతే మనకు ఈపాటి కూడా మిగిలేది కాదు. వాళ్ళకు దణ్ణం. కాని వాళ్ళ తర్వాత వచ్చిన మనం, చేతిలో రికార్డరు ఉండి, ఫోన్ ఉండి, పాడే మనిషి ఎదురుగా ఉండి కూడా "అజ్ఞాతం" అని రాయడానికి ఏ సాకు చెబుతాం?

'మా భూమి' సినిమాలో గద్దర్ తెర మీద పాడిన బండి పాటను ఇప్పటికీ చాలామంది గద్దర్ పాటే అనుకుంటారు. కట్టింది తెలంగాణ సాయుధ పోరాటపు పాటగాడు బండి యాదగిరి. ఆ పేరు చెప్పేవాళ్ళు ఉన్నారు కాబట్టి మిగిలింది. చెప్పేవాళ్ళు లేని పాటలెన్ని? ఇవాళ యూట్యూబ్‌లో లక్షలమంది చూస్తున్న పల్లె పాటల కింద చూడండి. కెమెరా పేరుంటుంది, ఎడిటింగ్ పేరుంటుంది, డ్రోన్ పేరుంటుంది. పాట దగ్గరికి వచ్చేసరికి "సేకరణ" అనో, "జానపదం" అనో ఉంటుంది.

అజ్ఞాతం అంటే తెలియదు అని కాదు. చాలాసార్లు, అడగలేదు అని. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. మొదటిది విధి. రెండోది మనం చేసిన పని.

మా ప్రయాణం న్యూ ఆర్లీన్స్‌లో ముగిసింది. దారిలో కాంటన్ పాత స్టేషన్ దగ్గర ఆగి, వాలెస్ సాండర్స్ పేరు నోరారా ఒకసారి పలికి బయల్దేరాం. న్యూ ఆర్లీన్స్‌లో రాయల్, ప్రెస్ వీధులు కలిసేచోట పట్టాలున్నాయి. 1892 జూన్ 7న హోమర్ ప్లెసీని అరెస్టు చేసిన చోటు అది. వృత్తి రీత్యా చెప్పులు కుట్టేవాడు. మాదిగ ఇంటి పిల్లగా ఆ మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగాను. నల్లవాళ్ళకు వేరే బోగీ అన్న లూసియానా చట్టాన్ని సవాలు చెయ్యాలని అక్కడి పౌరుల కమిటీ పథకం వేసింది. ప్లెసీ మొదటి తరగతి టికెట్టు కొని, తెల్లవాళ్ళ బోగీలో కూర్చుని, తానెవరో చెప్పాడు. దింపేశారు. 1896లో సుప్రీంకోర్టు, వేరుగా ఉంచినా సమానమేనని తీర్పిచ్చింది. ఆ తీర్పు 1954 దాకా కోట్లమంది నెత్తిన కూర్చుంది. ప్లెసీకి పాతిక డాలర్ల జరిమానా పడింది. 2022 జనవరిలో, ఆయన చనిపోయిన 97 ఏళ్ళకు, గవర్నర్ క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమించవలసింది ఎవరు ఎవరిని అని మీరే ఆలోచించుకోండి.

ఆ మరుసటి ఏడాది, 1893లో, గాంధీని రైల్లోంచి తోసేసిన స్టేషన్ పేరు మనలో చాలామందికి తెలుసు. 1901లో తొమ్మిదేళ్ళ భీమరావు అన్నతో, మేనల్లుడితో మసూరు స్టేషన్‌లో దిగి, కులం తెలియగానే ఏ బండివాడూ ఎక్కించుకోక నిలబడిపోయిన సంగతి ఎంతమందికి తెలుసు? బాబాసాహెబ్ తానే రాసుకున్నారు కాబట్టి మనకు దక్కింది.

అక్కడే నాకొక లెక్క అర్థమైంది. మన పేర్లు ఎక్కడా లేవని కాదు. కేసు కాగితాల్లో ఉన్నాయి. మస్టర్ రోల్‌లో ఉన్నాయి. అప్పు పత్రాల్లో వేలిముద్ర పక్కన ఉన్నాయి. కోర్టుకు హోమర్ ప్లెసీ పేరు తప్పుల్లేకుండా తెలుసు. రైల్వే దగ్గర మా తాత పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలతో సహా ఉంది. పని చేయించుకోవడానికీ శిక్షించడానికీ మన పేర్లు కావాలి. పాట దగ్గరికి, కళ దగ్గరికి, తెలివి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అజ్ఞాతం.

మా నాయనమ్మ పేరేమిటని మీరు అడుగుతారు. ఇక్కడ రాయడం తేలిక. లైకులు వస్తాయి, దండం బొమ్మలు వస్తాయి. కాని నేను ఆ పేరు చెరిపింది ఇక్కడ కాదు. యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న 214వ పేజీలో చెరిపాను. ముందు అక్కడ రాయాలి. తప్పుల పట్టిక జతచేయమని అర్జీ పెట్టాను. అలా చేసే నిబంధన లేదన్నారు. మళ్ళీ పెట్టాను. అది అతికాక, ఆ పేజీ ఫొటోతో పాటు ఆమె పేరు మీకు చెబుతాను. ఆమె ఒక్కతే కాదు. ఆ అనుబంధంలో 61 పాటలున్నాయి. "అజ్ఞాతం" అని 58 సార్లు రాశాను. ఇప్పుడు సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఒక్కో ఊరు తిరుగుతున్నాను. పాడినవాళ్ళలో సగం మంది లేరు. పిల్లల్ని అడుగుతున్నాను. ఇప్పటిదాకా పదకొండు పేర్లు దొరికాయి. కొన్నిచోట్ల నిజంగానే ఎవరికీ తెలియదు. అక్కడ "అజ్ఞాతం" అని కాదు, "అడిగాం, తెలియలేదు" అని రాస్తున్నాను.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. ఫారంలో ఆ గడి నింపే ముందు నోరు తెరిచి అడగండి. అమ్మా, ఈ పాట ఎవరు కట్టారు? మీ పేరేమిటి? రాయనా? పరిశోధన చెయ్యనివాళ్ళు కూడా ఈ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యండి. అమ్మో, అత్తో, నాయనమ్మో పాడే పాట ఒకటి ఉండే ఉంటుంది. అడగండి.

అడగకపోతే వాళ్ళు చెప్పరు. వాళ్ళనెవరూ ఎప్పుడూ అడగలేదు కదా.

జై భీమ్.